కొత్తగా కొన్న చిన్న డ్రోన్ పోగొట్టుకోకుండా ఎగరేయడం ఎలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఇంతకుముందు కొన్న బొమ్మ డ్రోన్ మొదటి రోజే గాలికి కొట్టుకుపోయింది. ఇప్పుడు 249 గ్రాముల కెమెరా డ్రోన్ తీసుకున్నారు. పెట్టె తెరిచి వారమైనా లేపడానికి ధైర్యం చాలడం లేదు. "హోమ్ బటన్ నొక్కితే అదే వెనక్కి వచ్చేస్తుందంటున్నారు, నమ్మొచ్చా?" అని అడిగారు.

నమ్మొచ్చు. కాకపోతే ఆ బటన్ పనిచేయాలంటే మీరు ముందు చేసి ఉంచాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. ముఖ్యమైనవి మూడు. హోమ్ పాయింట్, అంటే డ్రోన్ తిరిగి రావాల్సిన చోటు, నమోదయ్యాకే డ్రోన్‌ని నేల మీంచి లేపండి. వెళ్ళేటప్పుడు ఎదురుగాలిలోకి వెళ్ళండి, వచ్చేటప్పుడు గాలివాటున రండి. కంటికి కనపడే దూరం దాటనివ్వకండి. నేను తొమ్మిదేళ్ళుగా ఎగరేస్తున్నాను. నాలుగేళ్ళుగా ఆదివారాలు కొత్తవాళ్ళకి మైదానంలో నేర్పిస్తున్నాను. నా కళ్ళ ముందు పోయిన డ్రోన్లలో ఈ మూడింట్లో ఏదో ఒకటి తప్పనిది దాదాపు లేదు. మెషిన్ దానంతట అది చెడిపోయి పడిపోవడం చాలా అరుదుగా చూశాను.

ముందు మీ బొమ్మ డ్రోన్ ఎందుకు పోయిందో చెప్తాను, అది తెలిస్తే సగం భయం పోతుంది. అలాంటివాటిలో సాధారణంగా జీపీఎస్ ఉండదు. ఎత్తు కొంతవరకు నిలుపుకుంటాయి గానీ తాము ఎక్కడున్నాయో వాటికి తెలీదు. మీరు రిమోట్ మీది స్టిక్ వదిలేస్తే డ్రోన్ సమంగా నిలబడుతుంది, కానీ దాని చుట్టూ ఉన్న గాలి కదులుతూనే ఉంటుంది. ఆ గాలితో పాటే అదీ పోతుంది. కంగారులో పైకి తోస్తే ఇంకా బలమైన గాలిలోకి వెళ్తుంది. ఇప్పుడు మీ దగ్గరున్నది వేరే రకం. దీనికి జీపీఎస్ ఉంది కాబట్టి స్టిక్కులు వదిలేయగానే గాలికి ఎదురు వాలి ఉన్నచోటే నిలుస్తుంది. అందుకే నేను నేర్పే మొదటి పాఠం ఇదే: భయం వేస్తే రెండు చేతులూ స్టిక్కుల మీంచి తీసేయండి. డ్రోన్ ఆగుతుంది. ఊపిరి పీల్చుకుని ఆలోచించడానికి టైమ్ దొరుకుతుంది.

ఇక హోమ్ పాయింట్. డ్రోన్ ఆన్ చేయగానే శాటిలైట్ల కోసం వెతుక్కుంటుంది. యాప్‌లో పైన శాటిలైట్ గుర్తు పక్కన అంకె పెరుగుతూ ఉంటుంది. చాలినన్ని దొరికాక "హోమ్ పాయింట్ నమోదైంది" అని చూపిస్తుంది, చాలా యాప్‌లు పైకి చదివి వినిపిస్తాయి కూడా. ఆకాశం బాగా కనపడే చోట ఇది నిమిషంలోపే అయిపోతుంది. చెట్టు కిందో, ఎత్తైన భవనాల మధ్యో ఉంటే ఆలస్యమవుతుంది. ఆ కాస్త ఆగలేక లేపేస్తే చాలా మోడళ్ళలో జరిగేది ఏమిటంటే, డ్రోన్ గాలిలో ఉండగా సిగ్నల్ ఎక్కడ కుదిరితే అదే ఇల్లనుకుంటుంది.

ఒకసారి ఒక అబ్బాయి చెట్టు నీడలో నిలబడి, శాటిలైట్లు దొరక్కుండానే లేపి, పక్కనున్న చెరువు మీదికి పోనిచ్చాడు. నీళ్ళ మధ్యలోకి వెళ్ళాక జీపీఎస్ కుదిరింది. పది నిమిషాల తర్వాత బ్యాటరీ తగ్గిందని డ్రోన్ "ఇంటికి" బయల్దేరింది. నేరుగా చెరువు మధ్యలోకి వెళ్ళి కిందికి దిగడం మొదలెట్టింది. వాడు ఫోన్ స్క్రీన్ వంకే చూస్తున్నాడు, దిగుతోందని సంతోషంగా ఉన్నాడు. ఎత్తు అంకె 6, 5, 4 అని తగ్గుతోంది, చిత్రంలో మాత్రం అలలు పెద్దవవుతున్నాయి. నేను గట్టిగా "క్యాన్సిల్ నొక్కు, పైకి తొయ్యి" అని అరిస్తే, నీళ్ళకి మీటరున్నర ఎత్తులో ఆగింది. అప్పటినుంచి మా దగ్గర ఎవరైనా సరే, లేపేముందు యాప్‌లోని మ్యాప్ తెరిచి, హోమ్ గుర్తు తాము నిలబడ్డ చోటే ఉందా లేదా అని చూసి పైకి చెప్పాలి. పడవ మీంచి ఎగరేసినా ఇదే సమస్య. పడవ ముందుకు పోతుంది, హోమ్ పాయింట్ మాత్రం బయల్దేరిన చోట నీళ్ళ మీదే ఉండిపోతుంది.

హోమ్ పాయింట్ తర్వాత చూసుకోవాల్సింది ఆర్‌టీహెచ్ (రిటర్న్ టు హోమ్) ఎత్తు. రిటర్న్ టు హోమ్ నొక్కితే డ్రోన్ ముందు మీరు సెట్టింగ్స్‌లో పెట్టిన ఎత్తుకి ఎక్కి, అక్కడినుంచి సూటిగా మీవైపు వస్తుంది. దారిలో చెట్టుందా, టవరుందా అని చాలా చిన్న డ్రోన్లు చూసుకోలేవు. ముందు సెన్సర్లున్నవి కూడా సన్నని కొమ్మల్ని, కరెంటు తీగల్ని పట్టుకోలేకపోవచ్చు. వెలుతురు తగ్గితే అసలే కష్టం. కాబట్టి ఎగరేసే చోట చుట్టూ ఉన్నవాటిలో అన్నిటికన్నా ఎత్తైనదాన్ని చూసి, దానికి ఓ 20 మీటర్లు కలిపి ఆ ఎత్తు పెట్టండి. చోటు మారినప్పుడల్లా మార్చండి. ఎందుకైనా మంచిదని అన్నిచోట్లా 120 మీటర్లు పెట్టేయడం కూడా పొరపాటే. అంత పైకి ఎక్కడానికే బ్యాటరీ ఖర్చవుతుంది, పైన గాలి కూడా ఎక్కువ.

ఇంకో సంగతి. సిగ్నల్ పోతే ఏం చేయాలన్నది కూడా ఒక సెట్టింగే. ఆరుబయట ఆర్‌టీహెచ్ ఉంచండి. పైన కప్పున్న చోట, వంతెన కింద, దట్టమైన చెట్ల కింద అయితే "ఉన్నచోటే ఆగు" అని మార్చండి. లేకపోతే సిగ్నల్ తెగగానే అది పైకి లేచి కప్పుని గుద్దుకుంటుంది.

దయచేసి ఈ బటన్‌ని మొదటిసారి ప్రమాదంలో నొక్కకండి. మొదటి రోజే, డ్రోన్ 40 మీటర్ల దూరంలో స్పష్టంగా కనపడుతుండగా నొక్కి చూడండి. అది పైకి ఎక్కడం, మీవైపు తిరగడం, రావడం, దిగడం అన్నీ కళ్ళారా చూడండి. మధ్యలో ఒకసారి క్యాన్సిల్ చేసి మళ్ళీ మీ చేతిలోకి తీసుకోండి. ఇది తెలీనివాళ్ళు, డ్రోన్ వెనక్కి రావడానికి ముందు పైకి ఎక్కుతుంటే "ఎటో పోతోంది" అని టెన్షన్ పడి రిమోట్ ఆపేస్తారు. ఆ పని మాత్రం ఎప్పుడూ చేయకండి.

అన్నిటికన్నా ఎక్కువగా చెప్పాలనుకున్నది గాలి గురించి. కొత్తవాళ్ళు దీన్ని పట్టించుకోరు, ఎందుకంటే కింద నిలబడ్డ మనకి అది తెలీదు. నేల మీద ఆకు కదలకపోయినా 80 మీటర్ల ఎత్తులో గాలి బాగా వీస్తుండొచ్చు. చిన్న లెక్క చూడండి. మీ డ్రోన్ సెకనుకు 10 మీటర్ల వేగంతో పోగలదనుకుందాం, పైన గాలి సెకనుకు 6 మీటర్లు. గాలివాటున వెళ్తే నేలతో పోల్చి సెకనుకు 16 మీటర్లు, అంటే 800 మీటర్లు 50 సెకన్లలో దాటేస్తారు. తిరిగి రావాలంటే సెకనుకు 4 మీటర్లే. అదే దూరానికి 200 సెకన్లు పడుతుంది. వెళ్ళినదానికి నాలుగింతల టైమ్! సగం బ్యాటరీ వాడి సగంతో తిరిగొద్దాం అనుకున్నవాళ్ళ డ్రోన్లు దారిలో దిగిపోయేది ఇందుకే.

నాకు ఇది రెండో ఏడాదిలో అనుభవమైంది. ఒక పెద్ద జలాశయం గట్టు మీంచి లేపి, నీటి అంచు వెంబడి గాలివాటున దాదాపు కిలోమీటరు పోనిచ్చాను. కంటికి కనపడే దూరం దాటకూడదన్న నియమాన్ని అప్పట్లో నేనూ పాటించేవాణ్ణి కాదు. బ్యాటరీ 38 శాతం ఉండగా వెనక్కి తిప్పాను. స్టిక్ పూర్తిగా ముందుకి తోసినా స్క్రీన్ మీద వేగం సెకనుకు 2 మీటర్లు దాటలేదు. దూరం అంకె 990, 985, 981... చేతులకి చెమటలు పట్టాయి. నిమిషమున్నర అలాగే తోస్తూ ఉండిపోయాను. బ్యాటరీ 31కి వచ్చాక గుర్తొచ్చింది, కిందికి దిగితే గాలి తక్కువగా ఉంటుందని. 90 మీటర్ల నుంచి 30 మీటర్లకి దించాను, వేగం 6కి పెరిగింది. స్పోర్ట్ మోడ్ వేస్తే ఇంకొంచెం పెరిగింది. 14 శాతంతో నా కాళ్ళ దగ్గర దిగింది.

దీంట్లోంచి మీరు తీసుకోవాల్సినవి: తిరిగొచ్చేటప్పుడు వేగం రాకపోతే ముందు ఎత్తు తగ్గించండి, కింద చెట్లూ తీగలూ లేవని చూసుకుని. స్పోర్ట్ మోడ్ వేగంగా తెస్తుంది గానీ బ్యాటరీ త్వరగా తింటుంది, ముందున్న సెన్సర్లు కూడా చాలా మోడళ్ళలో ఆ మోడ్‌లో పనిచేయవు. ఇంత చేసినా చేరదనిపిస్తే, ఇంకా ఓ 15 శాతం ఉండగానే కెమెరా కిందికి తిప్పి, ఖాళీ జాగా చూసి అక్కడే దించేయండి. నడిచి వెళ్ళి తెచ్చుకోవచ్చు. చివరిదాకా లాగితే ఎక్కడ దిగాలో బ్యాటరీ నిర్ణయిస్తుంది.

గాలి ఎంతుందో తెలుసుకోవడానికి నేను చేసేది ఇది. నెత్తి మీద 40 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్ళి స్టిక్కులు వదిలేసి కింద నుంచి చూస్తాను. డ్రోన్ ఒక పక్కకి బాగా వాలి నిలబడి ఉంటే, అది గాలితో పోరాడుతోందని అర్థం. ఏ వైపుకి వాలిందో గాలి అటునుంచి వస్తోంది. ముందు అటే పంపుతాను.

బ్యాటరీ గురించి కొంచెం. 30 శాతం దగ్గర దిగడం మొదలెట్టాలని చాలామంది అనుకుంటారు. నేనైతే 40 దగ్గరే వెనక్కి తిప్పుతాను, 25 ఉండగా నేల మీద ఉంటుంది. ఎగరేసే రోజు ఉదయమో ముందు రాత్రో ఫుల్ ఛార్జ్ చేయండి. వారం కిందట ఛార్జ్ చేసి పెట్టినదాన్ని నమ్ముకోవద్దు, చాలా డ్రోన్ల బ్యాటరీలు కొన్ని రోజులు వాడకపోతే పాడవకుండా వాటంతట అవే కొంత ఖాళీ చేసుకుంటాయి. చలిలో లిథియం బ్యాటరీ బలం తగ్గుతుంది, 40 చూపిస్తున్నది ఉన్నట్టుండి 20కి పడిపోవచ్చు. చల్లగా ఉన్న రోజు లేపిన తర్వాత ఓ నిమిషం తక్కువ ఎత్తులో నిలబెట్టి వేడెక్కనివ్వండి. కొంచెం ఉబ్బినట్టు అనిపించిన బ్యాటరీని మళ్ళీ వాడకండి. దాని ధర గురించి ఆలోచించొద్దు, ఉబ్బింది నిప్పు అంటుకోగలదు.

ఎక్కడినుంచి లేపాలి? కాంక్రీటు డాబా మీంచి, కారు బానెట్ మీంచి, ఇనప మూత మీంచి వద్దు. కాంక్రీటు లోపలి ఇనప చువ్వలు డ్రోన్ కంపాస్‌ని తికమక పెడతాయి. కంపాస్ తప్పు చెబితే, డ్రోన్ నిలబడదామని ప్రయత్నిస్తూనే సుడి తిరిగినట్టు చుట్లు కొడుతుంది, ప్రతి చుట్టూ ముందుదానికన్నా పెద్దదవుతుంది. అలా మొదలైతే ఇంకా పైకి తీసుకెళ్ళకండి, వెంటనే దించి చోటు మార్చండి. యాప్ అడిగినప్పుడు మాత్రమే కంపాస్ కాలిబ్రేట్ చేయండి (అంటే సరిచేసుకోండి), అదీ ఇనుముకి దూరంగా, జేబులో ఫోన్, తాళాలు లేకుండా.

కంటికి కనపడటం అన్నదాన్ని చాలామంది చట్టం కోసం పెట్టిన నియమం అనుకుంటారు. చిన్న డ్రోన్ 150 మీటర్ల దూరంలో చుక్కలా ఉంటుంది, 300 మీటర్లకి మామూలు కళ్ళకి ఇంచుమించు మాయమవుతుంది. స్క్రీన్ మీకు ముందున్నదే చూపిస్తుంది, పక్కనుంచి వచ్చేది చూపించదు. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో పాలిసేడ్స్ కార్చిచ్చు ఆర్పుతున్న విమానం రెక్కకి ఒక చిన్న డ్రోన్ తగిలి చిల్లు పడింది. మంటలు చూద్దామని ఒకాయన పార్కింగ్ భవనం పైనుంచి దాన్ని లేపి, రెండున్నర కిలోమీటర్లు పంపి, ఎక్కడుందో కనపడక వదులుకున్నాడు. నీళ్ళు చల్లాల్సిన విమానాన్ని రిపేరు కోసం నిలిపేయాల్సి వచ్చింది. డ్రోన్ పోగొట్టుకోవడం, ఇంకొకరికి ప్రమాదం తేవడం రెండూ ఒకే పొరపాటు నుంచి పుడతాయని నేను అంటున్నది ఇందుకే.

హెలికాప్టరో చిన్న విమానమో చప్పుడు వినపడితే, ఎక్కడుందో వెతకకుండా ముందు డ్రోన్‌ని కిందికి దించండి. చాలా దేశాల్లో ఎత్తు పరిమితి 120 మీటర్లు లేదా 400 అడుగులు. 250 గ్రాముల లోపు డ్రోన్లకి కొన్ని మినహాయింపులుంటాయి గానీ, విమానాశ్రయాల దగ్గర, నిషేధిత ప్రాంతాల్లో ఎగరేయకూడదన్నది వాటికీ వర్తిస్తుంది. బయల్దేరే ముందు మీ దేశపు విమానయాన శాఖ మ్యాప్ చూసుకోండి. జనం నెత్తి మీద వద్దు. పిల్లలుంటే పది అడుగుల దూరంలో ఉంచండి, తిరుగుతున్న రెక్క వేలిని లోతుగా కోస్తుంది. డ్రోన్‌ని చేత్తో పట్టుకుని దించడం వీడియోల్లో చూసి ఉంటారు, కొన్ని నెలలు దాని జోలికి పోకండి.

డ్రోన్ ముక్కు ఎటుందో తెలీకుండా పోయినప్పుడు ఏం చేయాలో కూడా చెప్తాను, ఇది అందరికీ జరుగుతుంది. ముక్కు మీవైపు ఉంటే కుడి ఎడమలు తారుమారవుతాయి, దగ్గరికి తెస్తున్నామనుకుని దూరం పంపేస్తాం. స్టిక్కులు వదలండి. కుడి స్టిక్‌ని కొంచెం ముందుకి తోసి, స్క్రీన్ మీద దూరం అంకె చూడండి. పెరుగుతుంటే డ్రోన్ మీకు వీపు చూపిస్తోంది. ఎడమ స్టిక్‌తో నెమ్మదిగా తిప్పుతూ మళ్ళీ ముందుకి తోయండి. అంకె తగ్గడం మొదలైందంటే అదే మీ దారి.

సిగ్నల్ విషయంలో ఒక్క మాట. రిమోట్ యాంటెన్నా కొన డ్రోన్ వైపు గురిపెట్టకండి, కొన నుంచి సిగ్నల్ తక్కువగా పోతుంది. యాంటెన్నా వెడల్పు వైపు డ్రోన్‌కి ఎదురుగా ఉండాలి. భవనం వెనక్కో కొండ చాటుకో పంపితే తెగిపోతుంది. తెగితే కంగారుపడకుండా రిమోట్ పైకెత్తి ఖాళీ జాగాలోకి నాలుగడుగులు వేయండి. ఆర్‌టీహెచ్ కోసం డ్రోన్ పైకి ఎక్కేసరికి చాలాసార్లు సిగ్నల్ అదే కలుస్తుంది.

నీళ్ళ మీద మూడు మీటర్ల కన్నా కిందికి దించకండి, కింది సెన్సర్లు నీటి మెరుపుకి మోసపోతాయి. గద్దలు వెంటపడితే నిటారుగా పైకి తీసుకెళ్ళండి, అవి పైనుంచే దాడి చేస్తాయి గానీ నిలువుగా అంత వేగంగా ఎక్కలేవు. ఆ తర్వాత ఆ చోటు వదిలేయండి, గూడు ఉండొచ్చు. తీగలు స్క్రీన్‌లో కనపడవు, స్తంభాలు చూసి ఊహించుకోవాలి. ప్రతిసారీ లేపేముందు గోరుతో ప్రతి రెక్క అంచునీ తడమండి. చిన్న గాటు తగిలినా మార్చేయండి. కుడికి తిరిగే రెక్కలు, ఎడమకి తిరిగే రెక్కలు వేరు, గుర్తులు చూసి బిగించండి.

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా పోతే? డ్రోన్ మీద మీ ఫోన్ నంబర్ చిన్న కాగితం మీద రాసి ఇవాళే అంటించండి. చిన్న ట్రాకర్ పెట్టుకోవచ్చు, కానీ ఎయిర్‌ట్యాగ్ ఒక్కటే 11 గ్రాములు, మీ 249 గ్రాముల డ్రోన్ 250 దాటిపోతుంది, నియమాలు మారతాయి. పోయిన వెంటనే యాప్ మూసేయకుండా స్క్రీన్‌షాట్ తీయండి. ఫ్లైట్ రికార్డులో చివరి చోటు, ఎత్తు, వేగం ఉంటాయి. తీగల మీద చిక్కుకుంటే మాత్రం మీరు ముట్టుకోవద్దు, విద్యుత్ శాఖవాళ్ళని పిలవండి. నీళ్ళలో పడినదాన్ని తీయగానే బ్యాటరీ విడదీయండి, ఆన్ చేసి చూడకండి.

మా దగ్గర నేర్చుకునే ఒకావిడ డ్రోన్ పోయినేడాది పొలాల అవతల చెట్టుకి తగిలి ఆగిపోయింది. రికార్డులో చివరి చోటుకి వెళ్తే అక్కడ పది పదిహేను చెట్లున్నాయి, గుబురుగా. దగ్గరికి వచ్చేసరికి రిమోట్ మళ్ళీ కలిసింది, చిత్రం వచ్చింది. మొత్తం ఆకాశమే. గింబల్‌ని (కెమెరాని పట్టుకుని తిప్పే భాగం) వీలైనంత కిందికి తిప్పితే, మూలన ఒక తెల్లని పిట్టగోడ అంచు, దాని మీద ఆరేసిన ఎర్ర బట్ట కనపడ్డాయి. ఆ గోడ ఏ చెట్టు మీంచి ఆ కోణంలో కనపడుతుందో చూసుకుంటూ మూడో చెట్టు కిందికి వచ్చాం. యాప్‌లో "డ్రోన్ వెతుకు" నొక్కితే పైనుంచి బీప్ వినపడింది. ఒకరు పొడుగు వెదురుకర్రతో కొమ్మ ఊపుతుంటే, ఇద్దరం కింద దుప్పటి పరిచి పట్టుకున్నాం. ఒక రెక్క విరిగింది. గింబల్ బాగానే ఉంది.